గంటకు ఏడున్నర కిలోమీటర్లు: ఒక సోలార్ పడవ డైరీ

జనవరి: వేగం ముందు, పడవ తర్వాత

నోటుపుస్తకంలో మొదటి గీత మీద రాసింది పడవ పొడవు కాదు, బ్యాటరీ సైజు కూడా కాదు. వేగం. గంటకు ఏడున్నర కిలోమీటర్లు. నలుగురు కూర్చోవాలి, నెత్తిన కప్పు ఉండాలి, ఆ కప్పే కరెంటు ఇవ్వాలి, ముందు కూర్చున్నవాళ్లతో వెనక ఉన్నవాళ్లు గొంతు పెంచకుండా మాట్లాడగలగాలి. చెరువులు, కాలువలు, మెల్లగా పారే నదుల్లో తిరగడానికే ఇది. సముద్రం దీని పని కాదు.

ఈ పని మొదలుపెడుతున్నానని చెప్పగానే ఒక మిత్రుడు అడిగిన మొదటి మాట: "ఎన్ని కిలోవాట్ల మోటార్ పెడుతున్నావ్?" అందరూ అక్కడే మొదలుపెడతారు. మోటార్ ముందు కొని, దానికి తగ్గ బ్యాటరీ, ఆ బ్యాటరీ బరువు మోయడానికి వెడల్పాటి పడవ, ఆ వెడల్పును తోయడానికి ఇంకాస్త పెద్ద మోటార్. ఈ గుండ్రం ఎక్కడా ఆగదు. వేగాన్ని ఒకచోట కట్టేస్తే మిగతావన్నీ వాటంతటవే చిన్నవవుతాయి.

ఏడున్నరే ఎందుకు? నీటిని తోసుకుంటూ వెళ్లే ఏ పడవైనా తన వెంట ఒక అలను పుట్టిస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడుగవుతుంది. అల పొడవు, పడవ నీటిని తాకే పొడవు సమానమయ్యే దగ్గర ముందు మొన ఒక అల శిఖరం మీద, వెనక భాగం మరో శిఖరం మీద ఉంటాయి. ఇంకా తొందరపెడితే వెనక భాగం గుంటలోకి దిగి, పడవ తన అలను తానే ఎక్కాల్సి వస్తుంది. ఇదే హల్ స్పీడ్; హల్ అంటే నీటిలో తేలే పడవ ఒడలు. నీటిగీత పొడవును, అంటే పడవ నీటిని తాకే ఆ పొడవును, మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 4.5తో గుణిస్తే అది గంటకు కిలోమీటర్లలో వస్తుంది. నేను అనుకున్నది 7.5 మీటర్ల పడవ, నీటిగీత 7.2 మీటర్లు. లెక్క దాదాపు 12 దగ్గర ఆగింది. ఏడున్నర అంటే అందులో అరవై శాతం పైచిలుకు. అక్కడ అలలు ఇంకా చిన్నవే, ఎక్కువ భాగం నీటి రాపిడే.

మొత్తం బరువు వెయ్యి కిలోలు, బ్యాటరీ నుంచి నీటిదాకా మొత్తం సామర్థ్యం నలభై శాతం పైచిలుకు అనుకుని లెక్క వేస్తే గంటకు 7.5 కిలోమీటర్లకు 350 వాట్లు, 9కి 650, 11కి 1900 వాట్ల చుట్టుపక్కల వచ్చింది. వేగం కన్నా కిలోమీటరుకు ఎంత ఖర్చనేది చూస్తేనే అసలు విషయం తెలుస్తుంది. 7.5 దగ్గర కిలోమీటరుకు 47 వాట్-అవర్లు. 9 దగ్గర 72. 11 దగ్గర 173. మంచి ఎండ ఉన్న రోజున కప్పు నుంచి ఆరు యూనిట్లు వస్తాయనుకుంటే, ఒక్క రోజు ఎండతో నెమ్మదిగా వెళితే 125 కిలోమీటర్లు దాటొచ్చు, తొందరపడితే 35 దగ్గర ఆగిపోవాలి. ఇంతకన్నా నన్ను ఒప్పించిన అంకె ఇంకొకటి లేదు.

పెద్దవాళ్లూ ఇదే దారిలో వెళ్లారు. 2010 సెప్టెంబర్‌లో మొనాకో నుంచి బయల్దేరి 2012 మేలో భూమిని చుట్టి వచ్చిన సోలార్ పడవ టురనోర్ ప్లానెట్‌సోలార్ పొడవు 31 మీటర్లు. పైన 500 చదరపు మీటర్లకు పైగా ప్యానెళ్లు. ఆ పొడవుకు హల్ స్పీడ్ లెక్క గంటకు 25 కిలోమీటర్లు వస్తుంది. అది మామూలుగా వెళ్లింది మాత్రం తొమ్మిది, పది కిలోమీటర్ల వేగంతో. అంత కప్పు ఉన్న పడవే తొందరపడలేదు.

ఫిబ్రవరి: ఒక హల్లా, రెండా

రెండు హల్‌ల పడవ, అంటే కాటమరాన్, సోలార్‌కు సహజంగా సరిపోతుందని అందరూ అంటారు. కప్పు వెడల్పుగా వస్తుంది, ఒరగదు. కేరళలో 2017 నుంచి వైకోమ్, తవనక్కడవు మధ్య తిరుగుతున్న ఆదిత్య ఫెర్రీ అలాంటిదే. 75 మంది ప్రయాణికులు, 20 కిలోవాట్ల ప్యానెళ్లు. అంతమందిని మోయాలంటే అదే సరైన దారి. కానీ నలుగురి పడవను రెండు హల్‌లుగా చీలిస్తే అదే బరువుకు తడిసే ఉపరితలం పెరుగుతుంది. నెమ్మది వేగంలో మనం కరెంటు పోసేది ఆ తడిసే ఉపరితలానికే. రెండు హల్‌లు కట్టాలి, రెండు మోటార్లు పెట్టాలనే ఆశ పుడుతుంది, కాలువల్లో తిప్పడానికి చోటు చాలదు. ఒకే హల్, సన్నగా, పొడుగ్గా. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

ఎంత సన్నగా అన్నదే అసలు తగువు. వెడల్పు తగ్గిస్తే నీరు తేలిగ్గా దారి ఇస్తుంది. కానీ ఒరగకుండా నిలబెట్టే శక్తి వెడల్పు ఘనంతో మారుతుంది. నీటిగీత దగ్గర 1.5 మీటర్లు ఉన్నదాన్ని 1.3కి తగ్గిస్తే ఆ శక్తిలో 35 శాతం పోతుంది. పైగా ఈ పడవ నెత్తిన గాజు ప్యానెళ్లు, వాటి ఫ్రేమ్ కలిపి 115 కిలోల దాకా బరువు ఉంటుంది. నలుగురూ ఒక పక్కకు ఒరిగితే 1.5 మీటర్ల పడవ పది డిగ్రీలు వాలుతుంది. 1.3 మీటర్లదైతే పాతిక దాటుతుంది. ఎవరో చేప కనిపించిందని అరిస్తే నలుగురూ ఒకే పక్కకు వంగుతారన్నది ఖాయం. 1.5 ఖరారు.

అదే కారణంతో కప్పు ఎత్తు కూడా తగ్గించాను. కూర్చున్నవాళ్ల తల తగలకూడదు, అంతే. నిలబడాలంటే వంగాలి. ఇంట్లో అందరికీ ఇది నచ్చలేదు. కప్పును ఇరవై సెంటీమీటర్లు పైకి లేపితే బరువు పైకి పోవడమే కాదు, గాలికి అడ్డం కూడా పెరుగుతుంది. గాలి లెక్క నన్ను భయపెట్టిందనే చెప్పాలి. పడవ ఏడున్నరతో వెళుతుంటే ఎదురుగాలి గంటకు 18 కిలోమీటర్లతో వీస్తోందనుకుందాం. అది తుఫానేమీ కాదు, మామూలు సాయంత్రపు గాలి. ఎదురుగా రెండు చదరపు మీటర్ల అడ్డం ఉన్నా దాదాపు 60 న్యూటన్ల బలం వెనక్కి తోస్తుంది. ఆ వేగంలో నీటి నిరోధం మొత్తం 70 న్యూటన్లే. అంటే గాలి ఒక్కటే ఖర్చును దాదాపు రెట్టింపు చేస్తుంది. పక్కల పరదాలు వద్దన్నది ఇందుకే. కప్పు ముందు అంచును గుండ్రంగా చేయడం కూడా అందంకోసం కాదు.

ఫిబ్రవరి చివర: కర్రకు రెండు బొమ్మ పడవలు

వెనక భాగం సంగతి కాగితం మీద తేలలేదు. మామూలు మోటారు పడవల వెనక భాగం బల్లపరుపుగా నరికినట్టు ఉంటుంది, కింది అంచు నీటిలో మునిగి ఉంటుంది. పడవ బాగా పరిగెడితే నీరు ఆ అంచు దగ్గర శుభ్రంగా తెగిపోతుంది. నెమ్మదిగా వెళితే తెగదు, వెనక సుడులు తిరుగుతూ పడవను పట్టి లాగుతుంది. అందుకే అడుగుభాగాన్ని వెనక్కి పోనుపోను పైకి లేపి, చివర నీటిపైన తేలేలా గీశాను. అలా చేస్తే వెనక తేలే శక్తి తగ్గి, ఇద్దరు వెనక కూర్చుంటే మొన పైకి లేస్తుందేమో అన్నది నా టెన్షన్.

అయిదో వంతు సైజులో రెండు మోడళ్లు చెక్కాను. ముందు భాగం రెంటికీ ఒకటే, వెనక వేరు. నీటిగీత పొడవు 1.44 మీటర్లు. బరువు ఘనంతో తగ్గుతుంది కాబట్టి వెయ్యి కిలోల పడవకు ఎనిమిది కిలోల మోడల్. వేగం మాత్రం వర్గమూలంతో తగ్గుతుంది, కాబట్టి అసలు పడవ 7.5 కిలోమీటర్లకు మోడల్‌ను సెకనుకు 0.93 మీటర్లతో లాగాలి. ఒక కర్రకు రెండు కొసల్లో రెండు మోడళ్లు కట్టి, కర్రను మధ్యలో ఇరుసు మీద పెట్టి నిశ్చల నీటిలో లాగితే ఎక్కువ నిరోధం ఉన్నది వెనకబడుతుంది, కర్ర వంకర తిరుగుతుంది. అంకెలు అక్కర్లేదు, కన్ను చాలు. మొన దగ్గర సన్నటి ఇసుక పట్టీ అంటించాను. లేకపోతే చిన్న మోడల్ చుట్టూ నీరు మరీ నున్నగా జారిపోయి అసలు పడవకు పోలిక లేకుండా పోతుంది.

పైకి లేపిన వెనక భాగమే గెలిచింది, అందులో అనుమానం లేదు. వేగం పెంచి 11 కిలోమీటర్లకు సరిపడేలా లాగితే మాత్రం రెండూ దాదాపు పక్కపక్కనే వచ్చాయి. ఇది కొత్త సంగతేమీ కాదు. 1860ల్లో ఇంగ్లండ్ ఇంజినీర్ విలియం ఫ్రూడ్ స్వాన్, రేవెన్ అని రెండు వేరు ఆకారాల మోడళ్లను లాగి చూసినప్పుడు, ఒక వేగంలో ఒకటి, ఇంకో వేగంలో మరొకటి గెలిచాయి. మంచి ఆకారం అనేది విడిగా ఉండదు, ఏ వేగానికి మంచిది అన్నదే ఉంటుంది. తర్వాత 1872లో ఆయన ఇంగ్లండ్‌లోని టార్కీ ఊళ్లో మోడళ్లు లాగడానికే ప్రత్యేకంగా తొట్టి కట్టాడు. నాకు ఆ అదృష్టం లేదు, గాలి లేని తెల్లవారుజాములే నా తొట్టి.

మొన పైకి లేచే సమస్యకు మందు బ్యాటరీ చోటులో దొరికింది. దాన్ని మధ్యకన్నా కొంచెం ముందుకు జరిపాను.

మార్చి: కప్పు

నాలుగు గాజు ప్యానెళ్లు, ఒక్కోటి 400 వాట్లు, అడ్డంగా పరిస్తే 4.5 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు. మొత్తం 1600 వాట్లు. అట్టలా వంగే ప్యానెళ్లు ఒక్కోటి ఐదారు కిలోలే ఉంటాయి, చూడగానే మనసు లాగుతాయి. కానీ వాటిని కప్పుకు అంటించేస్తారు, వెనక గాలి ఆడదు, వేడెక్కుతాయి, వాటి వయసూ తక్కువే. గాజు ప్యానెల్‌కు కూడా వేడి పడదు. సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం ఉత్పత్తి పోతుంది. ఎండలో సెల్ 65కి చేరడం మామూలే, అంటే 14 శాతం అక్కడే గోవిందా. కాబట్టి ప్యానెళ్లనే కప్పుగా చేసి, కింద ఇంకో పొర వేయకుండా వదిలేశాను. పడవ కదిలితే కింద గాలి ఆడుతుంది. బరువూ తగ్గింది.

ప్యానెళ్లను వాల్చాలా? పడవ దిక్కు మారుతూ ఉంటుంది, ఒక పక్కకు వాలిస్తే మలుపు తిరగగానే నష్టం. బల్లపరుపుగానే ఉంచి, వాన నీరు జారేంత ఒంపు మాత్రం ఇచ్చాను.

వైరింగ్‌లో ఒక మెలిక ఉంది, సోలార్ ఇళ్లకు పెట్టేవాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోరు. బ్యాటరీ 48 వోల్ట్‌ల తరగతి, నిండుగా ఛార్జ్ అయ్యేటప్పుడు 56 వోల్ట్‌లు దాటుతుంది. ప్యానెల్ పని చేసే వోల్టేజ్ 31. రెండు సిరీస్‌లో కలిపితే 62, సరిపోతుంది అనిపిస్తుంది. కానీ వేడెక్కిన ప్యానెల్ వోల్టేజ్ పడిపోతుంది, 62 కాస్తా 55 చుట్టూ వస్తుంది. ప్యానెల్ నుంచి వీలైనంత శక్తి లాగి బ్యాటరీకి ఎక్కించే పరికరం ఎంపీపీటీ కంట్రోలర్; మామూలుది వోల్టేజ్‌ను పైనుంచి కిందికి దించగలదు కానీ కిందనుంచి పైకి ఎక్కించలేదు. మిట్టమధ్యాహ్నం, ఎండ బాగా కాస్తున్న సమయంలోనే ఛార్జింగ్ ఆగిపోతుంది. నాలుగూ సిరీస్‌లో కలిపితే ఈ గొడవ లేదు, కానీ అప్పుడు కప్పు మీద 150 వోల్ట్‌ల దగ్గర డీసీ ఉంటుంది. తడి చేతులతో తిరిగే పడవలో నాకు అది వద్దు. పైగా ఒక చెట్టు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా మొత్తం వరుస కుంటుతుంది.

చివరికి ఒక్కో ప్యానెల్‌కు ఒక్కో బూస్ట్ ఎంపీపీటీ, అంటే వోల్టేజ్‌ను పైకి ఎక్కించే రకం. ఒడ్డున చెట్లు, వంతెనలు, తాడు పట్టుకుని కప్పు పక్కన నిలబడ్డ మనిషి, ఎవరి నీడ పడినా ఆ ఒక్క ప్యానెల్‌కే దెబ్బ. పడవలో ఏ తీగలోనూ 60 వోల్ట్‌లు దాటవు. ఖర్చు ఎక్కువే. ఇందులో బేరం లేదనుకున్నాను.

ఏప్రిల్: బ్యాటరీ

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌లు 16, ఒక్కోటి 3.2 వోల్ట్‌లు, వరుసగా కలిపితే 51.2. నిండా ఎక్కించినా 58.4. ఇతర లిథియం రకాలకన్నా బరువెక్కువ, కానీ అంత తేలిగ్గా మంటలు అంటుకోవు. కూర్చునే చోటు కింద పెట్టేదానికి నాకు అదే ముఖ్యం.

సైజు దగ్గర మిత్రుడు మళ్లీ వచ్చాడు. "280 ఆంపియర్-అవర్ సెల్‌లు పెట్టెయ్‌రా, 14 యూనిట్లు వస్తాయి, భయమే ఉండదు." వాటి బరువు 85 కిలోలు దాటుతుంది. 160 ఆంపియర్-అవర్ సెల్‌లతో 8.2 యూనిట్లు, దాదాపు 50 కిలోలు. ఎనభై శాతమే వాడినా 350 వాట్లకు 18 గంటలు. ఎండ అసలు లేకుండా, అది కూడా. ఎదురుగాలి, ఎదురు ప్రవాహం కలిసి ఖర్చును మూడింతలు చేసినా ఆరు గంటలు. ఆరు గంటల్లో ఇంటికి చేరలేనంత దూరం ఆ వాతావరణంలో వెళ్లడం బ్యాటరీతో తీరే సమస్య కాదు. 160తోనే ఆగాను.

ఛార్జ్ చేసేటప్పుడు, వాడేటప్పుడు సెల్‌లను కాపాడే బీఎమ్‌ఎస్ కారులో వేరు, పడవలో వేరు. ఏ సెల్ వోల్టేజ్ అయినా తగ్గితే బీఎమ్‌ఎస్ టక్కున కరెంటు కట్ చేస్తుంది. బ్యాటరీకి అది క్షేమం. వంతెన స్తంభం వైపు ప్రవాహం తోస్తున్నప్పుడు పడవకు అది ప్రమాదం. కాబట్టి కట్ చేసే ముందు రెండు మెట్లు పెట్టించాను: మొదట బజర్, తర్వాత మోటార్ శక్తిని పావు వంతుకు దించడం. అసలు కట్ చివరి మాట మాత్రమే. ఛార్జింగ్ వైపు కూడా అంతే: బీఎమ్‌ఎస్ తెగ్గొట్టే ముందే ఎంపీపీటీలకు ఆపమని చెప్పాలి. లేకపోతే బ్యాటరీ ఒక్కసారిగా తప్పుకోగానే వోల్టేజ్ ఎగిరి ఎలక్ట్రానిక్స్ కాలిపోవచ్చు. బ్యాటరీ పక్కనే క్లాస్ టి ఫ్యూజ్. లిథియం బ్యాటరీలో షార్ట్ అయితే వచ్చే కరెంటును మామూలు ఫ్యూజ్ తెంచలేకపోవచ్చు. లైట్లు, హారన్‌కు విడిగా చిన్న 12 వోల్ట్‌ల బ్యాటరీ. రెండు తెడ్లు కూడా ఉన్నాయి, వాటికి వైరింగ్ లేదు.

మే: ప్రొపెల్లర్

డైరీలో ఎక్కువ పేజీలు దీనికే పోయాయి, పోవాలి కూడా.

పడవ ముందుకు పోవాలంటే నీటిని వెనక్కి తోయాలి. కొంచెం నీటిని జోరుగా తోయొచ్చు, ఎక్కువ నీటిని మెల్లగా తోయొచ్చు. తోపు ఒకటే, ఖర్చు ఒకటి కాదు. చిన్న ప్రొపెల్లర్ గ్లాసుతో నీళ్లు తీసి విసిరికొట్టినట్టు, పెద్దది బిందెతో మెల్లగా ఒంపినట్టు. మనకు కావలసిన 70 న్యూటన్లకు, ఆ వేగంలో, 20 సెంటీమీటర్ల ప్రొపెల్లర్ ఎంత గొప్పగా చేసినా సిద్ధాంతం ప్రకారం 82 శాతం దాటలేదు. 40 సెంటీమీటర్లదైతే ఆ హద్దు 94. రెక్కల రాపిడి, సుడులు తీసేశాక నిజంగా వచ్చేది రెంటిలోనూ తక్కువే, కానీ తేడా అలాగే ఉంటుంది. పన్నెండు శాతం అంటే ఒక అదనపు ప్యానెల్ పెట్టినంత కాకపోయినా, దాని సగం.

40 సెంటీమీటర్ల వ్యాసం, 35 సెంటీమీటర్ల పిచ్, అంటే జారకపోతే ఒక్కో చుట్టుకు ముందుకు పోయే దూరం. ఏడున్నర వేగంలో నిమిషానికి 450 చుట్లు తిరిగితే చాలు. ఇక్కడ రెండో లాభం కనిపించింది, నిజానికి నాకు మొదటిదానికన్నా ఇదే ముఖ్యం: నెమ్మదిగా తిరిగేది అరవదు. పడవ వెనక తగిలించే చిన్న ఎలక్ట్రిక్ మోటార్లు, అంటే అవుట్‌బోర్డ్‌లు, కూతలాంటి చప్పుడు చేయడానికి కారణం చిన్న ప్రొపెల్లర్, వేగంగా తిరిగే మోటార్, మధ్యలో గేర్లు. 450 చుట్లకే కావలసిన టార్క్ ఇచ్చే వెడల్పాటి బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని) మోటార్‌ను నేరుగా షాఫ్ట్‌కు తగిలిస్తే గేరూ లేదు, బెల్టూ లేదు. నిరంతరం రెండు కిలోవాట్లు తట్టుకునేది తీసుకున్నాను. అది ఎదురుగాలికి, పడవను అత్యవసరంగా ఆపడానికి. రోజువారీ పనిలో అది తన శక్తిలో అయిదో వంతు కూడా వాడదు, వేడెక్కదు.

రెక్కలు రెండా, మూడా? రెండు రెక్కలది కాగితం మీద సామర్థ్యంలో కాస్త మెరుగు. కానీ ప్రొపెల్లర్ ముందు స్కెగ్, అంటే పడవ అడుగు నుంచి నిలువుగా దిగే పలక, ఉంటుంది, దాని వెనక నీరు మందంగా కదులుతుంది. రెండు రెక్కలూ ఒకేసారి ఆ నీడలోకి వెళ్లి ఒకేసారి బయటికి వస్తాయి. ప్రతి అరచుట్టుకూ ఒక కుదుపు. మూడైతే ఒకటి నీడలో ఉన్నప్పుడు మిగతా రెండు బయట ఉంటాయి. మూడే. స్కెగ్ వెనక అంచును కత్తిలా పలచగా చెక్కాను. రెక్క కొసకూ హల్‌కూ మధ్య ఎనిమిది సెంటీమీటర్ల ఖాళీ వదిలాను, వ్యాసంలో అయిదో వంతు. దగ్గరగా ఉంటే ప్రతి రెక్కా దాటినప్పుడల్లా హల్ అడుగును తట్టినట్టే.

జూన్, జూలై: కట్టడం

ప్లైవుడ్ పలకలను కోసి, అంచులు రాగి తీగతో కుట్టి, లోపలి మూలల్లో ఎపాక్సీలో చెక్కపొడి కలిపిన ముద్ద నింపి, బయట ఫైబర్‌గ్లాస్ బట్ట పరిచే పద్ధతి. దీనిగురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను కొత్తగా చేసిందేమీ లేదు. పక్కలకు 6 మిల్లీమీటర్లు, అడుగుకు 9. ఉతుకుడు రాయిలా గట్టిపడిన ఎపాక్సీని రుద్దడం, రుద్దడం, మళ్లీ రుద్దడం. ప్రతి వస్తువునూ తూకం వేసి లోపలికి పంపాను. ఖాళీ హల్ 320 కిలోలు అనుకున్నది 331 దగ్గర తేలింది. ఎపాక్సీ ఎప్పుడూ లెక్కకన్నా ఎక్కువే తాగుతుంది.

ఆగస్టు: చప్పుళ్ల వేట

ఇంజిన్ లేకపోతే పడవ నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటారు. ఇంజిన్ పోతే, అది ఇన్నాళ్లూ కప్పిపుచ్చిన చప్పుళ్లన్నీ బయటికి వస్తాయి. నీటిలోకి దించాక ఒక్కో చప్పుడునూ పట్టి పేరు పెట్టాను.

మొదటిది మోటార్ గొణుగుడు. కంట్రోలర్ మొదట ఆరు మెట్ల పద్ధతిలో, అంటే కాయిల్స్‌కు కరెంటును ఒక్కొక్క దానికీ టకటకా మార్చే పద్ధతిలో నడిచింది. ఆ ప్రతి మార్పుకూ టార్క్‌లో చిన్న కుదుపు, అది మోటార్ దిమ్మె ద్వారా ప్లైవుడ్‌కు చేరి, ప్లైవుడ్ దాన్ని డప్పులా పెంచుతుంది. సెట్టింగ్‌ను సైన్ తరంగానికి, ఫీల్డ్ ఓరియెంటెడ్ కంట్రోల్‌కు మార్చగానే చాలావరకు మాయమైంది. మిగిలిన సన్నటి ఈల స్విచింగ్ పౌనఃపున్యానిది. దాన్ని 8 కిలోహెర్ట్జ్ నుంచి 20కి పెంచాను. కంట్రోలర్ కొంచెం ఎక్కువ వేడెక్కుతోంది, చెవికి మాత్రం ఏమీ వినిపించడం లేదు. మోటార్ దిమ్మె కింద రబ్బరు దిండ్లు కూడా పెట్టాను, తోపును మాత్రం విడిగా థ్రస్ట్ బేరింగే మోస్తుంది. లేకపోతే పడవను తోసే బలమంతా రబ్బరు మీద పడి దిండ్లు నలిగిపోతాయి.

రెండోది విచిత్రమైనది. గంటకు ఎనిమిది కిలోమీటర్ల దగ్గర మాత్రమే, ఇత్తడి పాత్ర అంచును రుద్దినట్టు ఒక స్వరం. వేగం కాస్త తగ్గినా పెరిగినా పోతుంది. ఇది ప్రొపెల్లర్ పాట. రెక్క వెనక అంచు నుంచి సుడులు ఒక లయలో విడిపోతాయి, ఆ లయ రెక్క సొంత కంపనంతో కలిస్తే రెక్క మోగుతుంది. ఓడల్లో ఇది పాత జబ్బే, మందూ పాతదే: వెనక అంచును ఒక పక్క నుంచి ఏటవాలుగా ఆకురాయితో రాయడం. సుడుల లయ చెదిరిపోతుంది. సాయంత్రానికి పాట ఆగింది.

మూడోది నీటిది. కదిలేటప్పుడు కాదు, లంగరు వేసి ఆగినప్పుడు. మొన దగ్గర పలకలు కలిసే అంచు నీటిపైన కొంచెం తేలి ఉంటే చిన్న అలలు దాని కిందికి దూరి టప్ టప్ మని కొడతాయి. పడుకున్నవాడికి ఇది నరకం. గీసేటప్పుడే ఆ అంచును మొన దగ్గర నీటికి బాగా పైన ఉంచి, తర్వాత నిటారుగా నీటిలోకి దించాను కాబట్టి ముందు భాగం శాంతంగా ఉంది. వెనక భాగం కాదు. నీటిపైన తేలే ఆ వెనక అంచు, నాకు ఫిబ్రవరిలో గెలిచినదే, గాలి వెనక నుంచి వీస్తే లంగరు దగ్గర చప్పుడు చేస్తుంది. దీనికి హల్‌లో మందు లేదు. లంగరును మొన నుంచి వేస్తే పడవ గాలికి ఎదురు తిరిగి నిలుస్తుంది, అలలు ముందు నుంచే వస్తాయి. వెనకనుంచి తాడు కట్టే చోట్ల భరించాలి.

మిగతావి చిల్లర: కప్పు బిగింపుల్లో ఒక నట్టు, డెక్ కింద తీగలు గొట్టానికి తగలడం, చుక్కాని ఇరుసులో వదులు. అన్నీ ఒక్క పూటలో తీరాయి. ఇప్పుడు ఏడున్నర వేగంలో ఎక్కువగా వినిపించేది మొన దగ్గర నీరు చీలే శబ్దం. కొంగలు లేవడం లేదు, ఇరవై మీటర్ల దాకా వెళ్లనిస్తున్నాయి.

సెప్టెంబర్: కొలతలు

నిశ్చల నీటిలో, ఇద్దరు మనుషులు, ఇంకో ఇద్దరి బరువుకు ఇసుక బస్తాలు. ఒకే దారిలో అటూ ఇటూ వెళ్లి సగటు తీశాను, గాలి, ప్రవాహం రెండూ కొట్టుకుపోయేలా. 7.5 కిలోమీటర్లకు 375 వాట్లు. కాగితం మీద 350. 9కి 690. 11కి రెండు వేలు దాటి మోటార్ తన నిరంతర హద్దు మీద కూర్చుంది, వెనక అల ఒడ్డును కొట్టడం మొదలుపెట్టింది. అంత వేగంలో మళ్లీ వెళ్లే ఉద్దేశం లేదు.

థ్రాటిల్ పక్కన మూడు అంకెలే పెట్టాను: ప్యానెళ్ల నుంచి వచ్చే వాట్లు, మోటార్‌కు పోయే వాట్లు, కిలోమీటరుకు ఖర్చు. వేగం చిన్న అక్షరాల్లో మూలన ఉంది. ఒక బటన్ నొక్కితే మోటార్ అచ్చం ఎండ ఇచ్చినంతే తీసుకుంటుంది, బ్యాటరీలోకి పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. మబ్బు వస్తే పడవ ఆగిపోతుందేమో అని మొదటిసారి ఎక్కినవాళ్లందరూ భయపడతారు. ఆగదు. ఈ వేగాల్లో ఖర్చు వేగం ఘనంతో మారుతుంది కాబట్టి ఎండ సగానికి పడిపోయినా వేగం అయిదో వంతే తగ్గుతుంది. ఎండలో ఈ బటన్ మీద పది కిలోమీటర్ల దాకా వెళ్లే పడవ, ఆకాశం పూర్తిగా మూసుకుపోయి కప్పు 160 వాట్లే ఇస్తున్నప్పుడు కూడా అయిదున్నరతో కదిలింది. మబ్బు మీదుగా పోతున్నట్టు కూర్చున్నవాళ్లకు దాదాపు తెలియదు.

ఎలక్ట్రిక్ పడవ కొత్త వింత కాదని ఎవరైనా అంటే ఒప్పుకోవాలి. 1838లోనే యాకోబీ అనే ఇంజినీర్ రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నేవా నది మీద బ్యాటరీ పడవ నడిపాడు. 1881లో ఫ్రెంచ్ ఆవిష్కర్త గుస్తావ్ ట్రూవే పారిస్‌లో సేన్ నది మీద, చుక్కానితో కలిపి తీసి పెట్టుకోగల ఎలక్ట్రిక్ మోటార్‌తో తిరిగాడు. వాళ్ల చేతికి రానిది నెత్తిమీద ఛార్జర్.

మిగిలిన పనులు: 7.5 దగ్గర మోటార్ 470 చుట్లు తిరుగుతోంది, లెక్కకన్నా ఇరవై ఎక్కువ. అంటే ప్రొపెల్లర్ అనుకున్నదానికన్నా కొంచెం ఎక్కువ జారుతోంది. 38 పిచ్ ఉన్నదాన్ని పెట్టి అదే దారిలో, అదే ఇసుక బస్తాలతో కొలవాలి. వాట్లు తగ్గితే అదే ఉంటుంది, తగ్గకపోతే పాతదే తిరిగి బిగిస్తాను. ఎదురుగాలిలో కొలతలు ఇంకా తీయలేదు. గంటకు 18 కిలోమీటర్ల గాలి వీచే రోజు కోసం గాలి మీటర్ పడవలోనే పెట్టి ఉంచాను.